రిఫరీ చేతి నల్ల పట్టీ

ఆట చివరి క్వార్టర్‌లోకి వచ్చేసరికి విద్మంతస్ బంతిని చూడటం మానేసి రిఫరీ నోటిని చూడటం మొదలుపెట్టాడు.

ఇరవై ఆరేళ్ళుగా ఊరి బడిలో వ్యాయామ పాఠాలు చెబుతూ, సాయంత్రాలు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుని తయారుచేస్తున్న మనిషి. రిఫరీల్లో మంచివాళ్ళనీ చూశాడు, గుడ్డివాళ్ళనీ చూశాడు. గుడ్డివాళ్ళతో అతనికి పెద్దగా పేచీ లేదు, వాళ్ళు రెండు వైపులా సమంగానే గుడ్డివాళ్ళు. కళ్ళు చక్కగా కనిపిస్తూ నోరు మాత్రం ఒక వైపుకే తెరుచుకునేవాళ్ళంటేనే ఒళ్ళు మండుతుంది. పనెవెజిస్ పట్నం నుంచి వచ్చే ఈ స్కైస్తె సరిగ్గా ఆ రకమేనని ఆ ఆదివారం అతనికి తేలిపోయింది.

పాతికేళ్ళ పిల్ల. జుట్టు బిగించి ముడేసుకుంటుంది, పరిగెత్తితే చప్పుడు కాదు. ఫ్రీ త్రోకి పిల్లలు వరసగా నిలబడగానే అవతలి జట్టు తొమ్మిదో నంబరు పక్కకి వెళ్ళి, పెదవులు కదిలీ కదలకుండా ఏదో చెప్పింది. తొమ్మిదో నంబరు తలూపింది. మరుక్షణం నుంచీ ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని అడుగులు మార్చుకుంటూనే అడ్డుకుంటోంది. అప్పటిదాకా నిమిషానికొక ఫౌల్ చేసేలా ఉన్న పిల్ల బుద్ధిమంతురాలైపోయింది. ఇంకాసేపటికి స్కైస్తె గీత దగ్గర బంతి అందిస్తూ పదిహేనో నంబరుతో మాట్లాడింది. ఆ తర్వాత వాళ్ళ కెప్టెన్‌తో.

పిల్లల ఆటల్లో రిఫరీలు అలా ముందే ఒక మాట చెబుతారు. విజిల్ ఊదేముందు "చేతులు" అంటారు, "అక్కడ ఎక్కువసేపు నిలబడకు" అంటారు. ఇది విద్మంతస్‌కి తెలియంది కాదు. మరి ఆ మాట తన పిల్లలకేదీ? వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి స్కైస్తె నోటికి తాళం పడిపోతోంది. చేతికున్న నల్లటి మణికట్టు పట్టీని సవరించుకుంటుంది, పక్కకి తప్పుకుంటుంది, అంతే. రెండో రిఫరీ ముసలాయన. ఆయన ఎవరితోనూ మాట్లాడడు, విజిల్‌తోనే నెట్టుకొస్తాడు, కాబట్టి ఆయన్ని అనడానికేం లేదు.

తన పిల్లలు మాట్లాడలేదంటే దానికి కారణం ఉంది. జట్టులో చేరిన రోజునే విద్మంతస్ చెప్పే మొదటి పాఠం అది. రిఫరీ అంటే గోడ, గోడతో ఎవరూ మాట్లాడరు. ఏదైనా అడగాల్సి వస్తే కెప్టెన్ మిగ్లె వెళ్ళి అడుగుతుంది, అదీ తను కనుసైగ చేసినప్పుడే. మిగతావాళ్ళు తలూపకూడదు, నవ్వకూడదు, సంజాయిషీ చెప్పుకోకూడదు. తలూపావంటే తప్పు ఒప్పుకున్నట్టే అంటాడు. వాళ్ళు మాట్లాడరు సరే, ఆవిడెందుకు మాట్లాడదు?

నాలుగు పాయింట్లతో ఓడిపోయారు. రెండు ఆటల పాయింట్లూ కలిపి ఎవరిది పైచేయి అయితే వాళ్ళు చివరి ఎనిమిది జట్ల పోటీకి వెళ్తారు. రెండో ఆట వచ్చే శనివారం, సొంత ఊళ్ళో, ఈ రిఫరీలతోనే. ఆ చివరి పోటీకి కౌనస్ నుంచి క్రీడా పాఠశాలవాళ్ళు వచ్చి పిల్లల్ని ఎంచుకుంటారు. మిగ్లె రెండేళ్ళుగా ఆ ఒక్కదాని కోసమే పొద్దున్నే బడికన్నా గంట ముందొచ్చి బంతి వేసుకుంటోంది.

చేతులు కలిపేటప్పుడు అవతలి కోచ్ రోలందస్ పళ్ళికిలించాడు. "మీ కెప్టెన్ బంగారం. మాకిచ్చెయ్యండి, వచ్చే ఏడు మేం చూసుకుంటాం."

మామూలు రోజైతే విద్మంతస్ కూడా నవ్వేసి ఊరుకునేవాడు. తిరుగు బస్సులో, కరుగుతున్న మంచు బురదై చక్రాల కింద చిమ్ముతుంటే, ఆ మాట అతని బుర్రలో తిరగడం మొదలైంది. దానికి తోడు ఇంకొకటి గుర్తొచ్చింది. ఆటకి ముందు వరండాలో నీళ్ళ కొళాయి దగ్గర మిగ్లె, స్కైస్తె దగ్గరదగ్గరగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. అతని బూట్ల చప్పుడు వినగానే ఇద్దరూ ఆపేశారు. మిగ్లె సీసా నింపుకుంటున్నట్టు వంగింది. ఆ సీసా అప్పటికే నిండి పొర్లుతోంది.

వెనక సీట్లలో పిల్లలు కిక్కురుమనడం లేదు. ఓడిన రోజు అది మామూలే అనుకుని అతను కిటికీ వైపు తిరిగాడు.

సోమవారం బడి అయ్యాక వంటింటి బల్ల మీద వీడియో పెట్టుకుని కూర్చున్నాడు. వకరె అని జట్టులో అందరికన్నా చిన్నది, పన్నెండో నంబరు. వాళ్ళ నాన్న ప్రతి ఆటా పై వరసలోంచి తీస్తాడు. విద్మంతస్ గళ్ళ నోటుబుక్కు తెరిచి, స్కైస్తె అవతలివాళ్ళతో మాట్లాడితే నీలం గీత, మనవాళ్ళతో మాట్లాడితే ఎర్ర గీత అని పెట్టుకున్నాడు. గీత పక్కన సమయం, ఎవరితో, తర్వాత ఏం జరిగింది. పోలీసువాళ్ళు కూడా అంత శ్రద్ధగా రాసుకోరు.

భార్య అల్దొన పొయ్యి దగ్గర నిలబడి బంగాళాదుంప అట్లు వేస్తోంది. గంటన్నరగా ఒకే అమ్మాయి మొహాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతున్న మొగుణ్ణి చూసి, ఏమైనా దొరికిందా అని అడిగింది.

"నీలం పంతొమ్మిది," అన్నాడు. "ఎరుపు రెండు."

"ఆ రెండూ ఎవరు?"

"వకరె ఒకసారి, యొగైలె ఒకసారి. మొదటి క్వార్టర్‌లోనే. ఆ తర్వాత మన వైపు మూగనోము."

"చెబితే పిల్లలు విన్నారా?"

"ఏం వినడం. ఇద్దరూ తలూపారు. మనసు చెదిరిపోయింది, అందుకే కాసేపు కూర్చోబెట్టాను."

అల్దొన అట్టు తిరగేసింది. మీగడ గిన్నె తెచ్చి అతని మోచెయ్యి పక్కన పెట్టింది.

మూడోసారి చూస్తున్నప్పుడు పట్టీ దొరికింది. మణికట్టు పట్టీ ఊరికే సవరించుకుంటోందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. కానీ స్కైస్తె దాన్ని ముట్టుకునే ముందు తన పిల్లల వైపే చూస్తోంది. ముట్టుకోగానే మిగ్లె ఏదో ఒక పిల్ల పక్కకి జరుగుతోంది, ఆ పిల్ల చేతులు వెనక్కి తీసుకుంటోంది. అవతలి పిల్ల దర్జాగా దాటుకుని పోతోంది. పదకొండుసార్లు. అందులో మూడుసార్లు అవతలివాళ్ళు బుట్ట కూడా వేశారు.

విద్మంతస్ ఆకుపచ్చ పెన్ను కోసం సొరుగంతా వెతికాడు. రిఫరీ సైగ చేస్తోంది, తన పిల్లలు వెనక్కి తగ్గుతున్నారు. కొళాయి, రోలందస్ ఇకిలింపు, "మాకిచ్చెయ్యండి", అన్నీ వచ్చి ఒక వరసలో కూర్చున్నాయి. అతనికి కోపం కన్నా ముందు దుఃఖం వచ్చింది. మిగ్లెకి బూటు లేసులు ముడెయ్యడం దగ్గర్నుంచి నేర్పింది తను.

ఇదంతా చెబితే అల్దొన వింత జంతువుని చూసినట్టు చూసింది. "పధ్నాలుగేళ్ళ పిల్ల ఆటని అమ్మేసిందంటావా?"

"నేనేం అనలేదు. గీతలు అంటున్నాయి."

"అట్లు చల్లారిపోయాయి," అంది ఆవిడ.

మంగళవారం ఫిర్యాదు రాశాడు. రిఫరీ ఒక జట్టుతోనే మాట్లాడిందని, ఇన్నిసార్లని, ఇన్ని నిమిషాలకని. పట్టీ సంగతి ఇంకా రాయలేదు. అది రాస్తే మిగ్లె పేరు కూడా రాయాలి. వాళ్ళ లీగులో ఫిర్యాదుకి కోచ్ సంతకం ఒక్కటే చాలదు, కింద జట్టు కెప్టెన్ కూడా సంతకం చెయ్యాలి. పిల్లల తరఫున పిల్లలే అడగాలని ఎప్పుడో ఎవరో పెట్టిన పద్ధతి. సరే, ఇదీ ఒక పరీక్షే అనుకున్నాడు విద్మంతస్. మిగ్లెలో తప్పు లేకపోతే సంతకం పెట్టేస్తుంది.

బుధవారం సాధన మధ్యలో మిగ్లెని గోడ పక్కన బల్ల దగ్గరికి పిలిచాడు. చెమట తుడుచుకుంటూ వచ్చింది. కాగితం రెండుసార్లు చదివింది. పొడుగు పిల్ల, బల్ల మీదికి వంగినప్పుడు జడ ముందుకు జారి కాగితం మీద పడింది. దాన్ని వెనక్కి వేసుకుని పెన్ను తీసుకుంది, మూత తీసింది, తన పేరు రాయాల్సిన గీత మీద మొన పెట్టి ఆగిపోయింది.

వెనకాల బంతుల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. పది మంది పిల్లలు బంతులు చంకన పెట్టుకుని ఇటే చూస్తున్నారు.

మిగ్లె పెన్నుకి మూత పెట్టి కాగితం మీద అడ్డంగా ఉంచింది. "నేను పెట్టను, కోచ్."

ఎందుకని అడిగాడు. ఆవిడ తప్పేం లేదంది. నీకెలా తెలుసని అడిగాడు. ఆ పిల్ల కాగితాన్ని అతని వైపు జరిపింది. కొళాయి దగ్గర ఏం మాట్లాడుకున్నారని అడిగాడు, ఈసారి గొంతు తగ్గించి. మిగ్లె మొహం మీద రంగు మారింది. అది చాలు విద్మంతస్‌కి. పట్టపగలు దొంగ దొరికినంత పనైంది.

"అయితే శనివారం నువ్వు బెంచీ మీదే," అన్నాడు. "బట్టలు కూడా మార్చుకోనక్కర్లేదు."

ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. తిరిగి వెళ్ళి వరసలో నిలబడింది, తన వంతు రాగానే బంతి వేసింది. బంతి రింగుకి తగిలి బయటికి పోయింది. తెచ్చివ్వడానికి వకరె పరిగెత్తింది. దాని పెదవులు బిగుసుకుపోయి ఉన్నాయి. వాళ్ళందరి మధ్యా ఏదో ఉంది, తనొక్కడే దానికి బయట ఉన్నాడు. ఆ సాయంత్రం జిమ్ తాళం వేస్తూ విద్మంతస్ దీన్ని మొట్టమొదటిసారి గమనించాడు, గమనించి కూడా దాన్ని మిగ్లె ఖాతాలోనే రాశాడు. పిల్లలందరినీ చెడగొట్టింది అనుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం సామాన్ల గదిలో బంతులకి గాలి కొడుతున్నాడు. సూదిని నాలుకతో తడిపి, బంతి కన్నంలో గుచ్చి, పంపు కొట్టి, భుజం ఎత్తునుంచి వదిలి, నడుం దాకా లేస్తుందో లేదో చూడటం. ఈ పని ఎవరికీ అప్పగించడు. తలుపు దగ్గర అలికిడైతే చూశాడు. మిగ్లె. చేతిలో ఉతికి ఇస్త్రీ చేసిన నాలుగో నంబరు చొక్కా, కెప్టెన్ చొక్కా.

"ఇది ఇచ్చేసి పోదామని," అంది.

బల్ల మీద పెట్టమన్నాడు. పెట్టింది గానీ పోలేదు. విద్మంతస్ ఇంకో బంతి తీసుకున్నాడు.

"రిఫరీ మాతో మాట్లాడకపోవడం ఆవిడ తప్పు కాదు, కోచ్. నేనే మాట్లాడొద్దన్నాను."

పంపు ఆగింది. "ఎందుకూ?"

"ఆవిడ ఎవరితో మాట్లాడితే వాళ్ళని మీరు కూర్చోబెడతారు కనక."

స్కోరు ఎంతని అడిగితే చెప్పినట్టు చెప్పింది, నిష్ఠూరం లేదు, దొంగచూపు లేదు. తర్వాత మిగతాదంతా నెమ్మదిగా వచ్చింది. జనవరి ఆటలో స్కైస్తె "చేతులు" అంటే యొగైలె తలూపింది. ఆ తర్వాత ఆట అయ్యేదాకా దాన్ని లోపలికి పంపలేదు, ఆ రోజు వాళ్ళ అమ్మమ్మ అంత దూరం క్లైపెద నుంచి మనవరాలి ఆట చూద్దామని వచ్చింది. వకరె ఇప్పుడు ఏ రిఫరీ దగ్గరికొచ్చినా ముందు బెంచీ వైపు చూస్తుంది. రిఫరీ చెప్పింది వినకపోతే ఫౌల్, వింటే బెంచీ. బట్టలు మార్చుకునే గదిలో అందరూ కూర్చుని ఆలోచించారు. మొన్న కొళాయి దగ్గర మిగ్లె వెళ్ళి స్కైస్తెని బతిమాలింది, నోటితో చెప్పకండి, చేత్తో చూపించండి చాలని.

"ఆవిడ ముందు ఒప్పుకోలేదు," అంది మిగ్లె. "రెండు జట్లకీ ఒకేలా పైకి చెప్పడమే నా పని అంది. మొదటి క్వార్టర్‌లో వకరెకి చెప్పింది, మీరు తీసేశారు. యొగైలెకి చెప్పింది, తీసేశారు. అది చూశాకే పట్టీ ముట్టుకోవడం మొదలెట్టింది."

"పట్టీ ముట్టుకుంటే?"

"చేతులు వెనక్కి. ఎవరికైతే వాళ్ళ దగ్గరికెళ్ళి నేను చెప్తాను."

"ఇది అందరికీ తెలుసా?"

"పదకొండు మందికీ."

తనకి తప్ప. ఆ మాట మిగ్లె అనలేదు, అననక్కర్లేదు. విద్మంతస్ చేతిలో బంతి ఉంది, సూది ఇంకా అందులోనే ఉంది, సన్నగా గాలి పోతున్న చప్పుడు వినిపిస్తోంది. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. ఆ పదకొండు సైగల్లో బుట్ట పడింది మూడుసార్లే, మిగతా ఎనిమిదిసార్లూ పిల్లలు ఫౌల్ లేకుండా బయటపడ్డారు. అది తను లెక్కలోకే తీసుకోలేదు. కూర్చోబెట్టడం శిక్ష అని కూడా అతనెప్పుడూ అనుకోలేదు, మనసు కుదుటపడటానికి కాసేపు అనుకునేవాడు. మిగ్లె వెళ్ళాక సంచీలోంచి గళ్ళ నోటుబుక్కు తీశాడు. రెండు ఎర్ర గీతలూ దొరికాయి. రెంటి పక్కనా తన చేతిరాతే, ఒకే మాట: "మార్చాను".

అయితే మిగ్లె వెళ్ళేముందు అతను చొక్కా తీసి మళ్ళీ ఆ పిల్ల చేతుల్లో పెట్టాడు. రేపు వేసుకో అన్నాడు. మరి ఆ ఫిర్యాదు ఉత్తరమో అని అడిగింది. ఏ ఉత్తరం, నేనేం పంపలేదు అన్నాడు. మిగ్లె చొక్కా వైపూ అతని వైపూ మార్చి మార్చి చూసింది. ఆ మాటలో మెలిక ఎక్కడుందో వెతుకుతోంది.

శనివారం జిమ్ కిటకిటలాడింది. బల్లల మీద జనం, మెట్ల మీద జనం, వేడి టీ వాసన, తడి కోట్ల వాసన. విద్మంతస్ బట్టలు మార్చుకునే గదిలో పిల్లల ముందు నిలబడి, రాత్రంతా కూడబలుక్కున్న మాటలు చెప్పాడు. రిఫరీ మాట్లాడితే వినండి, జవాబు చెప్పాలనిపిస్తే చెప్పండి, ఆ కారణంగా ఎవరినీ కూర్చోబెట్టను. తప్పు నాది అని కూడా అన్నాడు, కాస్త తొందరగా. పిల్లలు లేసులు బిగించుకుంటూ విన్నారు. ఎవరూ తలెత్తలేదు. ఎవరో దగ్గారు. చెప్పాల్సింది చెప్పేశాను, గండం గడిచిందనుకున్నాడు పాపం.

స్కోరు రాసే బల్ల దగ్గర మొదటి ఐదుగురి పేర్ల మీద గుర్తులు పెట్టి, పక్కన నిలబడ్డ స్కైస్తెతో మెల్లిగా అన్నాడు. "మా పిల్లలతో కూడా నోటితోనే చెప్పండి."

స్కైస్తె అతని వైపు తిరిగింది. "నిజంగానే అంటున్నారా, లేక రేపు ఏదైనా ఫిర్యాదుకి పనికొస్తుందనా?"

అతనికి కోపం రాలేదు. ఆ అమ్మాయి స్థానంలో తనుంటే తనూ అదే అడిగేవాడు. "నిజంగానే," అన్నాడు. స్కైస్తె పట్టీ తీసి జేబులో పెట్టుకుంది.

ఆ ఆట గెలిచారా అంటే గెలిచారు, ఏడు పాయింట్లతో. చివరి నిమిషంలో మిగ్లె వేసిన రెండు బుట్టల గురించి ఊళ్ళో బేకరీ దగ్గర వారం రోజులు చెప్పుకున్నారు. చివరి ఎనిమిది జట్ల పోటీకి వెళ్ళారు, కౌనస్‌వాళ్ళు మిగ్లెని చూశారు, అదంతా తర్వాతి సంగతి. విద్మంతస్‌ని ఇప్పటికీ వదలనిది మూడో క్వార్టర్‌లో, స్కోరు సమంగా ఉన్నప్పుడు జరిగింది.

అవతలి తొమ్మిదో నంబరు దూసుకొస్తుంటే వకరె రెండు చేతులూ చాచి అడ్డుకోబోయింది. స్కైస్తె పరిగెత్తుతూనే పైకి అంది, "చేతులు, పన్నెండు." జిమ్ అంత గోలలోనూ ఆ మాట బెంచీ దాకా వినిపించింది. వకరె చేతులు ఠక్కున వెనక్కి తీసుకుంది. తొమ్మిదో నంబరు తడబడింది, బంతి దాని కాలికి తగిలి గీత దాటింది. బంతి మనది. జనం చప్పట్లు కొట్టారు. విద్మంతస్ కూడా కొట్టాడు. ఆట ఆగింది, స్కైస్తె బంతి తీసుకుని గీత దగ్గర నిలబడింది.

వకరె అక్కడి నుంచి తిన్నగా బెంచీ దగ్గరికి వచ్చేసింది.

ఎవరూ పిలవలేదు. మార్పు కోసం ఎవరూ లేచి నిలబడలేదు. వచ్చి, బెంచీ చివర కూర్చుని, తన జాకెట్ తీసుకుని మోకాళ్ళ మీద కప్పుకుంది. మైదానంలో నలుగురే మిగిలారు. స్కైస్తె బంతి ఎవరికీ అందించకుండా ఇటే చూస్తోంది.

విద్మంతస్ వెళ్ళి ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్ళు పటపటమన్నాయి.

"ఎవరు రమ్మన్నారమ్మా నిన్ను?"

"ఎవరూ రమ్మనలేదు." వకరె గొంతు పీలగా ఉంది. "ఆవిడ నాతో మాట్లాడింది కదా, కోచ్."

"ఏమంది?"

"చేతులు అంది."

"నువ్వేం చేశావు?"

"తీసేశాను."

"బాగా చేశావు. ఇందాక చెప్పాను కదా, ఎవరినీ కూర్చోబెట్టనని."

వకరె జాకెట్‌ని ఇంకాస్త పైకి లాక్కుంది. చెప్పారు, విన్నాను, అయితే ఏంటి అన్నట్టుంది ఆ మొహం. విద్మంతస్ మైదానం వైపు చెయ్యి చూపించాడు. "వెళ్ళు తల్లీ," అన్నాడు.

వకరె లేవలేదు. అతని భుజం మీదుగా ఎటో చూస్తోంది. అతను వెనక్కి తిరిగాడు. మైదానం అవతలి కొసన మిగ్లె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. చూస్తున్నది వకరెని కాదు, అతన్ని. ఎంతసేపు చూసిందో, స్కోరు బల్ల దగ్గర గడియారం ఆగి ఉంది కనక తెలియదు. తర్వాత వకరెకి చిన్నగా తలూపింది.

అప్పుడు లేచింది వకరె. లేసు ఊడిందేమో చూసుకుంది, లోపలికి పరిగెత్తింది. పోతూ పోతూ జాకెట్‌ని మాత్రం బెంచీ చివర, మళ్ళీ వచ్చి కూర్చునేటప్పుడు చేతికందేలా మడిచి పెట్టుకుంది.